మత్తడి దూకితే... గాలం అటక మీదే!

ఏటా ఈ ఫోన్ తప్పకుండా వస్తుంది. అదీ జులై, ఆగస్టు నెలల్లో, రెండు రోజులు ముసురు పట్టాక. చేసేది ఊళ్లో దోస్తు కావచ్చు, ఆఫీసులో పక్క డెస్కు మిత్రుడు కావచ్చు. విషయం మాత్రం ఒక్కటే.

'నర్మాల మత్తడి దూకుతోందట. చేపలు ఎదురెక్కుతున్నాయట. పోదామా?'

వద్దనడానికి మనసొప్పదు. గంభీరావుపేట చుట్టుపక్కల పుట్టినవాళ్లకు మత్తడి అంటే సగం పండగ. తెల్లటి నురగ, చెవులు గింగుర్లెత్తే హోరు, ఆ హోరుకు ఎదురుగా గాల్లోకి ఎగిరే చేపలు... చూస్తుంటే చేతులు ఊరుకోవు. గాలం ఉన్నవాడు గాలంతో, వల ఉన్నవాడు వలతో, ఏమీ లేనివాడు దోమతెరతో సిద్ధమైపోతాడు.

మా మేనమామకు ఫోన్ చేశాను. సిరిసిల్లలో సాంచెలు నడిపి నడిపి, ఇప్పుడు ఊళ్లో ఉంటున్నాడు. వయసు డెబ్బైకి దగ్గర. ఆయన చేతికి చేపలు పడ్డట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ పడవని పేరు. ఎగిరి గంతేస్తాడనుకున్నా.

'గాలం అటుక మీద పెట్టిన అల్లుడా. నీళ్లు తేటవడ్డంక దించుత. అందాక చేపలు ఎటు వోతయ్?' అన్నాడు.

'అందరూ ఇప్పుడే పోతున్నరు కదా మామా?'

'గిప్పుడు దిగితే చేప దొరుకుడు కాదు, మనిషి దొరుకుడే కష్టం' అని ఫోన్ పెట్టేశాడు.

నలభై ఏళ్లుగా చేపలు పడుతున్న మనిషి, చేపలు ఎక్కువగా కనిపించే రోజునే గాలం ముట్టడెందుకు? అదే ఈ వారం ముచ్చట.

ఇక్కడ ఎండ... పైన వాన

గంభీరావుపేట అనగానే చాలామందికి సీతారామస్వామి గుడిలోని నందాదీపం గుర్తుకొస్తుంది. చేపల సరదా ఉన్నవాళ్లకు మాత్రం గుర్తొచ్చేది నర్మాల. నిజాం కాలంలో ఇక్కడ మానేరు మీద కట్టిన జలాశయమే ఎగువ మానేరు. రెండు టీఎంసీల నీరు పడుతుంది. కామారెడ్డి వైపు నుంచి పాల్వంచ వాగు, సిద్దిపేట వైపు నుంచి కూడవెల్లి వాగు వచ్చి దీన్ని నింపుతాయి. నిండాక నీరు మత్తడి మీదుగా కిందికి దూకి మధ్య మానేరుకు, అక్కడి నుంచి కరీంనగర్ దగ్గరి దిగువ మానేరుకు పోయి, చివరికి గోదావరిలో కలుస్తుంది.

గాలం పట్టుకునేవాళ్లు మనసులో పెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. నర్మాలకు వచ్చే వరద నర్మాలలో కురిసిన వానకు రాదు. కామారెడ్డి దగ్గరో, సిద్దిపేట దగ్గరో కురిసిన వానకు వస్తుంది. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తుండొచ్చు, నీళ్లు మోకాలి లోతే ఉండొచ్చు. పైన నాలుగు గంటల కింద పడ్డ వాన మాత్రం అప్పటికే బయల్దేరి ఉంటుంది. మత్తడి గట్టిగా దూకినప్పుడు గంభీరావుపేట నుంచి లింగన్నపేట వెళ్లే దారిలో వాగు పొంగి రాకపోకలు ఆగిపోవడం ఈ ప్రాంతం వాళ్లకు కొత్తేమీ కాదు.

2025 ఆగస్టు 27 గుర్తుందా? కామారెడ్డి జిల్లా రాజంపేట మండలంలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ నీరంతా వాగుల్లోంచి ఎగువ మానేరు మీదికి విరుచుకుపడింది. పశువుల కోసం వెళ్లిన రైతులు నర్మాల దగ్గర వరదలో చిక్కుకుపోయారు. ఒకరు కొట్టుకుపోయారు. మిగిలిన ఐదుగురు రాత్రంతా నీళ్ల మధ్యే గడిపితే, మర్నాడు హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చింది. వాళ్లు సరదాకు వెళ్లినవాళ్లు కాదు. ఆ నేల, ఆ నీరు పుట్టినప్పటి నుంచీ తెలిసినవాళ్లు. వాళ్లకే దారి దొరకలేదు. ఆదివారం బండేసుకుని వచ్చే మనకు దొరుకుతుందా?

చేప ఎందుకు ఎదురెక్కుతుంది?

మృగశిర కార్తె రోజు చేప తినాలని మనకో ఆనవాయితీ. అంటే జూన్ రెండో వారం. చేపలకూ అప్పటి నుంచే హడావుడి మొదలవుతుంది. బొచ్చె, రవ్వ, మ్రిగాల... ఈ మూడూ పారే నీటిలో గుడ్లు పెట్టే జాతులు. చెరువులో ఎంత తిన్నా, ఎంత పెరిగినా, నిలవ నీటిలో మామూలుగా గుడ్లు విడువవు. కొత్త నీరు రావాలి, ప్రవాహం ఉండాలి. వాన నీటి చల్లదనం తగలగానే వరదకు ఎదురీది, పైనున్న పల్లపు నేలల్లోకి చేరి గుడ్లు పెట్టాలని చూస్తాయి.

ఈ చిక్కు వల్లే ఒకప్పుడు చేప పిల్లల కోసం నదుల మీద ఆధారపడాల్సి వచ్చేది. 1957 జులై 10న కటక్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేపకు మరో చేప పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించగలిగారు. ఇప్పుడు మన చెరువుల్లో వదిలే చేప పిల్లల్లో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. ఏటా జులై 10ని దేశమంతా మత్స్య రైతుల దినంగా జరుపుకొనేది అందుకే.

కాబట్టి మత్తడి కింద గుంపులుగా ఎగిరే చేపల్లో ఎన్నో నిండు కడుపుతో ఉన్నవి. పైకి పోదామంటే అడ్డంగా గోడ. వెనక్కి పోదామంటే మనసొప్పదు. ఎగరడం, గోడకు తగిలి పడటం, మళ్లీ ఎగరడం. అలసిపోయి మడుగులో సొమ్మసిల్లిన దాన్ని దోమతెరతో ఎత్తడం గొప్ప పనేమీ కాదు. ఒక పెద్ద రవ్వ కడుపులో లక్షల గుడ్లుంటాయి. ఆ ఒక్క రోజు కూరకు మనం చెల్లించే ధర అది.

మా మామ ఈ లెక్కలేవీ చదవలేదు. 'కడుపుతోటి ఉన్నదాన్ని కొడ్తమారా?' అంటాడు అంతే.

సముద్రం అవతలా ఇదే కథ

అమెరికాలో సియాటెల్ వైపు ఉద్యోగాలు చేసే మన పిల్లలు అక్కడి సాల్మన్ చేపల ఫొటోలు పంపిస్తుంటారు. సాల్మన్‌దీ ఎదురెక్కే జాతే. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన ఏటినే వాసన పట్టి వెతుక్కుంటూ వస్తుంది. పసిఫిక్ తీరంలో మరో పెద్ద చేప హాలిబట్. సముద్రం అడుగున బల్లపరుపుగా పడి ఉంటుంది. రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. రెండొందల కిలోలు దాటినవీ ఉన్నాయి.

అక్కడ సరదాగా గాలం వేయాలన్నా లైసెన్సు కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే సాల్మన్, హాలిబట్ పట్టిన ప్రతిసారీ కార్డు మీద రాసుకోవాలి. రోజుకు ఇన్నే అని లెక్క. హాలిబట్ కోసమైతే అమెరికా, కెనడా కలిసి 1923లోనే ఒక కమిషన్ పెట్టుకున్నాయి. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట అలలు భయంకరంగా లేస్తాయి. కెరటాలు పెరిగితే తీర రక్షక దళం చిన్న పడవలను ఆపేస్తుంది. ఎంత ఖరీదైన పడవైనా సరే, ఆ రోజుకు ఇంటికే.

అదే నది మీద 1938లో బానవిల్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు చేపలు ఎక్కడానికి నీటి మెట్లు కట్టారు. అద్దాల కిటికీలోంచి ఎక్కే చేపలను లెక్కపెడతారు. పిల్లల్ని తీసుకొచ్చి జనం ఆ అద్దాల ముందు నిలబడి చూస్తారు. ఎదురెక్కే చేప అక్కడ పట్టుకునేది కాదు, చూసి ఆనందించేది. మన మత్తడికి అద్దాల కిటికీ అక్కర్లేదు. కట్ట మీద నిలబడితే చాలు, అంతా కనిపిస్తుంది.

పాచి మీద అడుగు

ఈ మాటలన్నీ నేను ఊరికే చెప్పడం లేదు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి చెరువు మత్తడి మీద జారాను. నీళ్లు పిక్కల దాకే ఉన్నాయి. అవతలి ఒడ్డున దోస్తులు పరకలు పడుతుంటే, నేనూ దాటబోయాను. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదోది పాచి మీద పడింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది నీళ్ల రంగు ఒక్కటే. కింద మడుగు దగ్గర నిలబడ్డ మామ నా చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి గాలాన్ని అటక మీద పెట్టాడు. నీళ్లు తేటపడేదాకా దించలేదు. ఆ ఏడు మొదలైన అలవాటే అది. ఇప్పటికీ సాగుతోంది.

పిక్కల లోతే కదా అనుకుంటాం. పారే నీటికి లోతు కాదు, వేగం ముఖ్యం. వేగం రెట్టింపయితే మనల్ని తోసే బలం నాలుగింతలవుతుంది. మత్తడి రాయి మీద పాచి ఉంటుంది. కింద పడితే అక్కడ నీరు ముందుకు పోకుండా గుండ్రంగా తిరుగుతూ, పడ్డదాన్ని మళ్లీ మత్తడి వైపే లాగుతుంది. ఎంత ఈత వచ్చినా ఆ సుడిలోంచి బయటపడటం కష్టం. మునుగుతున్న వాళ్ల కోసం వెంట దూకినవాళ్లూ పోయారన్న వార్తలు ఏటా మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం.

మరి ఎప్పుడు పోవాలి?

సరదా మానుకోమని కాదు. కాస్త ఆగమనే. మత్తడి ఆగి, నీరు మట్టి రంగు నుంచి ఆకుపచ్చకు తిరిగాక అసలు కాలం మొదలవుతుంది. బతుకమ్మ ముందు నుంచి సంక్రాంతి దాకా ఒక తీరు, శివరాత్రి తర్వాత మరో తీరు. నీళ్లు ఎర్రగా ఉన్నప్పుడు ఎర చేపకు సరిగా కనిపించదు. తేటపడితే కనిపిస్తుంది. గుడ్ల పని అయిపోయిన చేపకు ఆకలీ ఎక్కువే.

ఏ చేప ఎక్కడ తింటుందో తెలిస్తే సగం పని అయినట్టే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైపై నీళ్లలో మేస్తుంది. రవ్వ నడి నీటిలో, మ్రిగాల అడుగున. బంగారు తీగ బురద తవ్వుకుని తింటుంది. బెండును కిందికీ పైకీ జరిపేది దీన్నిబట్టే. బొచ్చెకు బెండు దగ్గరగా, మ్రిగాలకు ఎర నేలను తాకేలా. వాలుగ రాత్రిళ్లు వేటాడుతుంది. కొరమీను ఒడ్డు వెంట తుంగలో, ఆకుల నీడలో ఉంటుంది. గాలి పీల్చడానికి మధ్య మధ్య పైకి వస్తుంది. ఆ బుడగే దాని చిరునామా.

వేళ విషయానికొస్తే, ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు వేడెక్కి చేప లోతుకు దిగుతుంది. పొద్దున్నే, పొద్దుగూకే వేళ ఒడ్డుకు వస్తుంది. చలికాలం దీనికి తిరకాసు. చల్లటి నీటిలో చేప ఒళ్లు మందగిస్తుంది, తక్కువ తింటుంది. కాస్త ఎండెక్కాక పోవడమే మేలు. గాలి ఏ ఒడ్డుకు కొడుతుందో చూసుకోండి. నీటి మీది తిండి అంతా ఆ ఒడ్డుకే చేరుతుంది, చేపా వెనకే వస్తుంది.

ఎరకు ఖర్చు అక్కర్లేదు. తడి నేల తవ్వితే ఎర్రలు. ఇంట్లో గోధుమపిండి. పల్లి చెక్క, తవుడు కలిపి ముద్ద చేస్తే వాసనకు రవ్వ, బంగారు తీగ వస్తాయి. మక్క గింజలు నానబెట్టి గుచ్చినా సరిపోతుంది. ఇక గాలానికి కావాల్సింది సన్నటి వెదురు, తంగీసు దారం, బెండు, సీసపు గుండు, కొక్కెం. మా మామ గాలం మొత్తం ఖరీదు ఇప్పటికీ సినిమా టిక్కెట్టు కంటే తక్కువే.

నాలుగు మంచి పనులు

మొదటిది, అడగండి. చెరువుల్లో, జలాశయాల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. పిల్లలు వదిలి, కాపలా కాసి, వాటి మీదే బతికే కుటుంబాలు వాళ్లవి. సరదాకు ఒక గాలం వేస్తామంటే చాలాచోట్ల కాదనరు. అడక్కుండా వేస్తే మాత్రం అది వాళ్ల పళ్లెంలోంచి తీసుకోవడమే.

రెండోది, కొరమీను పిల్లల జోలికి పోవద్దు. వానాకాలంలో తుంగల మధ్య ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా తేలుతూ కనిపిస్తాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపులో ఏది పడ్డా మీదికి దూకుతాయి. అది ఆకలి కాదు, కాపలా. కొందరు అది తెలిసే అక్కడ కప్ప ఎర వేస్తారు. పెద్ద చేప చిక్కుతుంది. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి. కొరమీను మన రాష్ట్ర చేప. ఆ మర్యాదైనా దక్కనిద్దాం.

మూడోది, కరెంటు తీగలు, తోటాలు, మందు... ఈ మూడూ వేట కాదు. తోటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నేరమంది. నీళ్లలో కరెంటు పెట్టినవాడు చేపతో పాటు తన ప్రాణాన్నీ పందెం పెడుతున్నాడు.

నాలుగోది, ఒంటరిగా పోవద్దు. సంచిలో ఒక పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఉంచుకోండి. ఎవరైనా నీళ్లలో పడితే దూకకుండా, డబ్బాకు తాడు కట్టి విసరండి. పట్టుకుని తేలతారు. తాడు లేకపోతే పంచె, చీర, పొడవాటి కర్ర, ఏదైనా సరే. సాయానికి 112, అంబులెన్సుకు 108. ఉరుము వినిపిస్తే గాలం కింద పెట్టి ఒడ్డు వదిలేయండి. కార్బన్ గాలాలు వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరం. వాటి గుండా కరెంటు పారుతుంది కాబట్టి పైన తీగలున్న చోటా వాటిని ఎత్తొద్దు.

అటక దిగిన రోజు

దసరా సెలవులకు మా చిన్నోణ్ని తీసుకుని ఊరెళ్లాను. ఐదో తరగతి. ఫోన్‌లో చేపలు పట్టే ఆట తప్ప అసలు గాలం చూసినవాడు కాదు. మామ నిచ్చెన వేసి గాలం దించాడు. దుమ్ము తుడిచి, కొక్కేనికి పట్టిన తుప్పును రాతి మీద రుద్దాడు.

నీళ్లు తేటగా ఉన్నాయి. గాలి మా వైపే కొడుతోంది. రెండు గంటలు కూర్చున్నాం. వాడు పది నిమిషాలకోసారి 'ఇంకెంతసేపు తాతా?' అని అడిగాడు. గంట దాటాక అడగడం మానేశాడు. బెండు వైపే చూస్తూ కూర్చున్నాడు. వాడు అంతసేపు ఫోన్ అడగకుండా కూర్చోవడం నేను చూడలేదు.

బెండు మునిగింది. మామ చేయి వాడి చేతి మీద వేసి, తొందరపడనీయకుండా లాగించాడు. అరకిలో కూడా లేని రవ్వ. వాడి కళ్లు మాత్రం పది కిలోల చేప పడ్డట్టే మెరిశాయి. కొక్కెం తీసి మామ దాన్ని మళ్లీ నీళ్లలోకి జారవిడిచాడు. వాడి మొహం వాడిపోయింది.

'వచ్చే ఏడు గిదే చేపను పడ్తవ్ బిడ్డా. అప్పటికి ఇంత అయితది' అని చేతులు బార్లా చాపాడు.

'అప్పుడు మత్తడి దూకినప్పుడు వద్దామా తాతా? ఎగిరే చేపల్ని చూస్తా.'

'వద్దాం. కట్ట మీద కూసుండి చూద్దాం. గాలం మాత్రం ఇంటికాడనే.'

ఈసారి ముసురు పట్టి ఆ ఫోన్ వస్తే ఏం చెప్పాలో నాకు తెలుసు. చూడ్డానికైతే పోదాం. పట్టడానికైతే... నీళ్లు తేటపడ్డాక చేయండి!